కత్తెర నుంచి క్యూ మీట దాకా

విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి కూర్చునే సిరిమాను చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. భక్తులు విసిరే అరటిపళ్ల వాన. గంటల తరబడి కెమెరాలు తీసినదాంట్లో పదేపదే చూడదగ్గవి కొన్ని నిమిషాలే. మన వీడియోల్లో సెకనుకు 25 ఫ్రేములు మామూలు లెక్క. అంటే గంటకు 90,000. వాటిలో ఏ ఫ్రేము దగ్గర మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అని తేల్చడమే ట్రిమ్మింగ్. ఈ పనికి వాడే కీబోర్డు మీటలను టైము మిగుల్చుకునే చిట్కాలుగా చూడటం అలవాటైపోయింది. నిజానికి ఫిల్ముకు ఉండి, టేపు రాగానే పోయిన ఒక స్వేచ్ఛను అవి ఎడిటరు వేళ్ల కిందికి మళ్లీ తెచ్చాయి.

ఫిల్ము రోజుల్లో కోత నిజంగా కోతే. 1924లో ఐవన్ సెర్రూరియర్ ఎడిటర్ల కోసం మూవియోలా అనే యంత్రం తయారుచేశాక, అందులో కదిలే బొమ్మను చూస్తూ గుర్తు పెట్టుకుని కత్తిరించి అతికేవారు. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. మధ్యలో రెండడుగులు తీసేస్తే వెనకున్న రీలంతా దానంతటదే ముందుకు జరిగినట్టే. వీడియో టేపు దీన్ని తలకిందులు చేసింది. టేపు మీద బొమ్మ కంటికి కనబడదు, కత్తెరకు తేలిగ్గా లొంగదు. ఒక వీసీఆర్‌లో ఆడిస్తూ ఇంకోదాంట్లోకి వరుసగా కాపీ చేసుకుంటూ పోవాలి. పెళ్లి క్యాసెట్టులో జీలకర్ర బెల్లం ముందు పది సెకన్లు ఎక్కువయ్యాయని తెలిస్తే, అక్కణ్ణుంచి అప్పగింతల దాకా మళ్లీ ఎక్కించాల్సిందే. కాపీకి కాపీ తీసినకొద్దీ బొమ్మ మసకబారుతుంది. అందుకే ఎవరూ ముట్టుకునేవారు కాదు. ఆనాటి పెళ్లి క్యాసెట్ల సాగతీతకు ఫొటోగ్రాఫర్ల బద్ధకం కంటే ఈ యంత్రమే ఎక్కువ కారణమని నా లెక్క.

దారి మార్చింది డిస్కు. 1971లో సీబీఎస్, మెమోరెక్స్ కలిసి తెచ్చిన సీఎంఎక్స్ 600లో నలుపు తెలుపు దృశ్యాలను డిస్కుల్లో దాచి, వెలుగు కలంతో తెరమీద తాకి ఎంచుకునేవారు. చాలా ఖరీదైన యంత్రం కావడంతో అది ఎక్కువమందికి అందలేదు. 1989లో మెకింటోష్ కంప్యూటరు మీద నడిచే అవిడ్ వచ్చాక ఈ పద్ధతి ఎడిటింగ్ గదుల్లో పాతుకుపోయింది. దీని కిటుకు చిన్నదే. అసలు వీడియో ఫైలు చెక్కుచెదరదు; ఫలానా ఫ్రేము నుంచి ఫలానా ఫ్రేము దాకా చూపించు అనే రెండు అంకెలనే కంప్యూటరు గుర్తుంచుకుంటుంది. ట్రిమ్ చేయడమంటే ఆ అంకెలు మార్చడం. వద్దనుకుంటే పాతవి మళ్లీ వస్తాయి.

ఇక మీటల సంగతి. ప్రీమియర్, ఫైనల్ కట్, రిసాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో జె నొక్కితే వెనక్కి, ఎల్ నొక్కితే ముందుకు, కె నొక్కితే ఆగుతుంది. కె పట్టుకుని ఎల్ నొక్కితే నెమ్మదిగా కదులుతుంది. జె మీద చిన్న గీతలాంటి ఎత్తు ఉంటుంది కాబట్టి వేలికి చూడకుండానే చోటు తెలుస్తుంది. మొదలు, ముగింపు గుర్తులు పెట్టే ఐ, ఓ సరిగ్గా పై వరుసలోనే. ప్రీమియర్‌లో వధువు తలమీద వరుడి చెయ్యి ఆనే ఫ్రేము దగ్గర ఆపి క్యూ నొక్కితే, ఆ క్లిప్పులో అంతకు ముందున్నది పోయి, మిగతాదంతా వచ్చి అతుక్కుంటుంది. డబ్ల్యూ నొక్కితే ఆ తర్వాతి భాగం పోతుంది. ఇంత జరిగినా కన్ను బొమ్మ మీదే ఉంటుంది. మౌస్‌తో అయితే చూపు కిందికి దిగి క్లిప్పు అంచును వెతకాలి. ఆ క్షణంలో చెయ్యి ఆనిన లయ మనసులోంచి జారిపోతుంది.

వేగం పెరిగితే కోతలు తొందరపాటుగా ఉంటాయని ఒక అభ్యంతరం. కోత చవకైనప్పుడు ఒకటికి నాలుగు రకాలుగా కోసి చూడొచ్చు. తొందర మనిషిది, మీటది కాదు. ఇందులో ఒప్పుకోవాల్సిన భాగమూ ఉంది. సన్నాయి ట్రాక్‌ను లాక్ చేసి క్యూ నొక్కితే బొమ్మ జరిగి, పాట అక్కడే ఉండి, తాళి కట్టేటప్పుడు రావాల్సిన గట్టిమేళం వేరే చోట పడుతుంది. ఫోన్లోనే అంతా అయిపోతున్నప్పుడు కీబోర్డు ఎందుకని ఇంకో ప్రశ్న. శ్రీకాకుళం కుర్రాళ్లు ఫోన్లో రీల్స్ చక్కగానే కోస్తున్నారు. అర నిమిషం ముక్కకు అది చాలు. మూడు గంటల పెళ్లికి చాలదు. చిన్న తెర మీద వేలి వెడల్పులో ఎన్నో ఫ్రేములు ఇరుక్కుంటాయి, కావలసిన ఒక్కటి పట్టుబడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక వారం మౌస్‌ను పక్కన పెట్టి జె, కె, ఎల్, క్యూ, డబ్ల్యూలతోనే ఒక పెళ్లిని కోసి చూడండి.