ఇంటికొక్క కనెక్షను, ఇంటిల్లిపాదికి ఇంటర్నెట్టు

2020వ సంవత్సరమున కరోనా వ్యాధి కారణముగా పాఠశాలలు మూతపడినప్పుడు పాఠములు ఫోనులలోనికి వచ్చినవి. పెక్కు ఇండ్లలో ఒక్కటే ఫోను ఉండెను. తండ్రి దానిని వెంటబెట్టుకొని పొలమునకు వెళ్ళినచో పిల్లలకు ఆనాటి పాఠము లేదు. అన్న వినుచున్నంతసేపు చెల్లెలు వేచియుండవలసి వచ్చెడిది. నేడు బడులు యథాప్రకారము నడచుచున్నను ఇంటర్నెట్టుతో పని తగ్గలేదు, పెరిగినది. ఉపకార వేతనముల దరఖాస్తులు, పరీక్షా ఫలితములు, భూమి రికార్డులు, మార్కెట్టు ధరలు అన్నియు దాని ద్వారా లభించుచున్నవి. ఇంటిలో నలుగురు వేరువేరుగా డబ్బు చెల్లించుటకు బదులు ఒక్క కనెక్షనును అందరును పంచుకొనవచ్చును. ఇట్టి ఏర్పాటునే గృహ నెట్‌వర్కు అందురు.

తీగ ఇల్లు చేరు విధము

గ్రామ పంచాయతీలకు ఫైబరు తీగ వేయు పథకమును కేంద్ర ప్రభుత్వము 2011లో ఆమోదించినది. అదియే నేటి భారత్‌నెట్. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబరు తీగను చాలవరకు విద్యుత్ స్తంభముల మీదుగా గ్రామములకు చేర్చిరి. 2016లో కోనసీమలోని మోరి గ్రామమున ఇండ్లకు ఈ కనెక్షనులు లభించినవి. తెలంగాణలో ఇట్టి పనికే టి-ఫైబరు సంస్థ ఏర్పడినది. సన్నని గాజుపోగులో సమాచారము వెలుగు రూపమున ప్రయాణించుట ఈ తీగ విశేషము.

ఇంటిలో తీగ చేరు పెట్టెను ఓ.ఎన్.టి. అందురు. వెలుగును విద్యుత్ సంకేతములుగా మార్చుట దాని పని. ఆ సంకేతములను ఇంటిలోని ఫోనులకు, కంప్యూటరుకు, టెలివిజనుకు పంచునది రూటరు. తరచుగా ఈ రెండును ఒకే పెట్టెలో అమరియుండును. రూటరు ప్రతి పరికరమునకు ఒక అంకెల చిరునామా కేటాయించును. ఇంటి నంబరుకు వచ్చిన ఉత్తరములను ఇంటి పెద్ద పేరు చూచి పంచినట్లు, ఎవరు కోరినది వారికే చేర్చును.

అయితే కాలువలో ఎంత నీరు వచ్చునో మళ్ళకు పారునది అంతియే. 40 మెగాబిట్ల కనెక్షను అనగా సెకనుకు హెచ్చుపక్షము 5 మెగాబైట్లు మాత్రమే. 8 బిట్లు కలిసిన ఒక బైటు. నలుగురు ఒకేసారి సినిమాలు చూచినచో పాఠము వినువారికి వేగము తగ్గును. పరీక్షల దినములలో వంతులు ఏర్పరచుకొనుట మేలు.

అమర్చుకొను విధానము

రూటరును ఇంటి నడుమ, మనిషి తలకన్న ఎత్తున ఉంచవలెను. ఇనుప బీరువా వెనుక గాని, నీళ్ళ తొట్టి ప్రక్కన గాని ఉంచరాదు. ఇనుము, నీరు తరంగములను అడ్డగించును. మందమైన గోడలును వాటిని బలహీనపరచును. సాధారణముగా రూటరులు 2.4, 5 గీగాహెర్ట్జుల తరంగములను వాడును. మొదటిది దూరము పోవును. రెండవది దగ్గరలో ఎక్కువ వేగము నిచ్చును. కనుక వెనుక గదిలోనివారు మొదటిదానిని, రూటరున్న గదిలోనివారు రెండవదానిని వాడుకొనవలెను. కదలని కంప్యూటరుకు లాన్ కేబులు తగిలించుట ఉత్తమము. అది 100 మీటర్ల వరకు చక్కగా పనిచేయును.

ఫైబరు తీగను మడవరాదు, మేకులతో నొక్కరాదు, దాని కొనలోనికి కంటితో చూడరాదు. పెట్టెపై ఎర్రదీపము వెలిగినచో సాధారణముగా వెలుగు అందుటలేదని గుర్తు. కనెక్షను ఇచ్చినవారికి తెలియజేయవలెను. గాజుతీగ విద్యుత్తును ప్రవహింపజేయదు గాని రూటరుకు కరెంటు ఇచ్చు తీగ ప్రవహింపజేయును. అందువలన పిడుగుల వాన రాకముందే ప్లగ్గు తీసివేయవలెను. కరెంటు పోవు ఊళ్ళలో రూటరుకు సరిపడు చిన్న బ్యాటరీ పెట్టె ఉపయోగకరము.

తాళము మరువరాదు

ధాన్యపుగదికి తాళము వేయువారు రూటరును తెరచి వదలరాదు. కనెక్షను ఎవరి పేర నున్నదో, దాని ద్వారా నేరము జరిగినప్పుడు విచారణ మొదట వారి గడపకే వచ్చును. కావున అమర్చిననాడే రెండు పనులు చేయవలెను. మొదటిది, వై-ఫైకి డబ్ల్యు.పి.ఎ.2 లేక డబ్ల్యు.పి.ఎ.3 అను రక్షణ ఎంచుకొని, 12 అక్షరములకు తక్కువ కాని పాస్‌వర్డు పెట్టుకొనుట. ఇంటి పేరు, ఫోను నంబరు పాస్‌వర్డుగా పనికిరావు. రెండవది, రూటరు అమరికలు తెరచుటకు పెట్టెతో వచ్చిన పాస్‌వర్డును మార్చుట. దీనిని చాలమంది మరచెదరు. ఇరుగుపొరుగు పిల్లలు చదువుకొనుటకు అడిగినచో అతిథులకొరకు వేరు పేరుతో వై-ఫై ఇచ్చు సౌకర్యము అనేక రూటరులలో కలదు. ఎన్ని తాళములు వేసినను ఓ.టి.పి. అడుగు అపరిచితునికి చెప్పినచో ఫలము లేదు. మోసపోయినవారు ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

ఊరి కాలువకు నీరు వచ్చినంతమాత్రమున పంట పండదు. బోదె తీసి, గట్టు కట్టి, నీటిని మడికి మళ్ళించుకొనుట రైతు పని. తీగ గడపవరకు వచ్చినది. చదువుకొన్న యువకులు తమ ఇంటితోపాటు పొరుగింటి రూటరును గూడ ఒకసారి సరిచూచి, పెద్దలకు దాని వాడుక నేర్పినచో, పాఠముకొరకు ఏ చెల్లెలును అన్న ఫోను ఖాళీ అగువరకు వేచియుండనక్కరలేదు.