మూతపడ్డ క్లబ్బు, మిగిలిన రూపాయలు

పిల్లలూ, నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఊళ్లో, క్వార్టర్స్ వెనక ఖాళీ స్థలంలో కొందరు పిల్లలు ఫుట్‌బాల్ జట్టు పెట్టుకున్నారు. నెలకు తలా ఇరవై రూపాయలు చందా. లెక్కలు రాసే పని నాకు అప్పజెప్పారు. తెలుగు టీచర్ కాబట్టి లెక్కల్లో మోసం చేయడం రాదనుకున్నారేమో! వేసవిలో బదిలీ ఆర్డర్లు వచ్చాయి. గోల్‌కీపర్ జోర్హాట్ వెళ్లిపోయాడు, కెప్టెన్ జోధ్‌పూర్ వెళ్లాడు. ఆగస్టు వచ్చేసరికి పదకొండు మందిలో ఐదుగురే ఉన్నారు. నా దగ్గర 340 రూపాయలు మిగిలాయి. "మేడమ్, ఈ డబ్బులేం చేద్దాం?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

తర్వాత నాకు కోల్‌కతాకు బదిలీ అయింది. అక్కడికి వెళ్లాకే తెలిసింది, ఇదే ప్రశ్న 1877లో ఆ ఊళ్లోనే ఇంకో జట్టు వేసుకుందని.

దాని పేరు కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్. అది బతికింది ఐదేళ్లే. 1872 క్రిస్మస్ రోజున కలకత్తాలోని బ్రిటిష్ వాళ్లు రెండు జట్లుగా ఆడారు. ఒకవైపు ఇంగ్లండ్ వాళ్లు ఇరవై మంది, ఇంకోవైపు స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు కలిసి ఇరవై మంది. ఆట బాగా నచ్చి వారం తిరగ్గానే మళ్లీ ఆడారు. 1873 జనవరిలో క్లబ్బు పెట్టేశారు.

ఫుట్‌బాల్ జట్టులో ఇరవై మందేమిటి అని మీకు అనుమానం వస్తుంది. వాళ్లు ఆడింది రగ్బీ. అప్పట్లో దాన్నీ ఫుట్‌బాల్ అనే అనేవారు. బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తకూడదన్న వాళ్లు 1863లో ఇంగ్లండ్‌లో ఒక సంఘం పెట్టుకున్నారు. మనం ఆడే ఫుట్‌బాల్ అక్కణ్ణుంచి వచ్చింది. పరుగెత్తవచ్చన్న వాళ్లు 1871లో రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నారు. రగ్బీ బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని పరుగెత్తి అవతలి వాళ్ల గీత దాటాక నేలకు ఆనించాలి. చేత్తో అందించేటప్పుడు పక్కకో వెనక్కో ఇవ్వాలి తప్ప ముందుకు విసరకూడదు. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి పట్టేసినట్టు, బంతి ఉన్నవాణ్ణి పట్టుకుని కింద పడేస్తారు. ఇప్పుడు జట్టుకు పదిహేను మందే.

1874లో ఈ క్లబ్బు లండన్‌లోని ఆ యూనియన్‌లో సభ్యత్వం కూడా తీసుకుంది. కానీ కలకత్తా వేడిలో ఆ పెనుగులాట ఎంతమంది ఆడతారు? ఆ వాతావరణానికి పోలో, టెన్నిస్ నయమనిపించాయి. క్లబ్బులో ఉచితంగా దొరికే మద్యం ఆపేయగానే మరికొందరు రావడం మానేశారు. అలాంటివాళ్లు పోతే పోనీ అంటాను నేను. అసలు దెబ్బ వేరే ఉంది. ఊళ్లో ఉన్న సైనిక పటాలానికి బదిలీ అయింది. ఆటగాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు. మీ జట్లు ఎలా విడిపోతాయో ఆ జట్టూ అలాగే విడిపోయింది.

చివరికి జేమ్స్ రాత్నీ అనే ఆయన కెప్టెన్, కార్యదర్శి, కోశాధికారి అన్నీ తానే అయ్యాడు. మూడు పదవులూ ఒక్కడి మీద పడ్డాయంటే క్లబ్బు పరిస్థితి అర్థం చేసుకోండి. బ్యాంకులో మాత్రం డబ్బు ఉంది. పంచుకుంటే తలా కొంత వచ్చేది, విందు చేసుకుంటే ఒక్క సాయంత్రంతో అయిపోయేది. రాత్నీ అలా చేయలేదు. 1877 డిసెంబరు 20న లండన్ యూనియన్‌కు ఉత్తరం రాశాడు. ఆ డబ్బుతో ఒక కప్పు చేయించి ఇస్తామని, దానివల్ల ఆటకు ఎప్పటికీ మేలు జరుగుతుందని, క్లబ్బు గుర్తుగానూ ఉంటుందని దాని సారాంశం.

కప్పును బజార్లో కొనలేదు. బ్యాంకు నుంచి తెచ్చిన 270 వెండి రూపాయలను కరిగించి చేయించారు. మీ అమ్మమ్మగారినో నాయనమ్మగారినో అడగండి, పాత రూపాయి బిళ్లలు కంసాలికిచ్చి కడియాలు చేయించుకున్న కథ ఏదో ఒకటి చెబుతారు. ఆ కాలపు రూపాయి బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. ఆ లెక్కన కొలిమిలో కరిగింది 270 తులాలు, మూడు కిలోల పైమాటే. మన దేశపు పనివాళ్లే దాన్ని కప్పుగా మలిచారు. ఎత్తు సుమారు ఒక మూర. మూడు పిడులు. మూడూ పడగ విప్పిన రాచనాగులే. గుండ్రటి మూత, దాని మీద ఏనుగు. ఫోటో దొరికితే చూడండి, ఇంగ్లండ్ కప్పులా అస్సలు కనిపించదు.

ఆ కప్పు కోసం ఏటా క్లబ్బుల మధ్య పోటీ పెడతారని కలకత్తా వాళ్లు ఆశించారు. యూనియన్ మాత్రం ఇంగ్లండ్, స్కాట్లండ్ జాతీయ జట్ల పోటీకి దాన్ని కేటాయించింది. మొదటి ఆట 1879 మార్చి 10న ఎడిన్‌బరోలో జరిగి డ్రా అయింది. ప్రపంచ యుద్ధాల కాలంలో ఆగినా ఆ పోటీ నేటికీ నడుస్తోంది. దాని పేరు ఇప్పటికీ కలకత్తా కప్పే. 1988లో ఆట అయ్యాక ఇద్దరు ఆటగాళ్లు తాగిన మైకంలో కప్పును వీధిలోకి తీసుకెళ్లి సొట్టలు పెట్టారు. తర్వాత బాగుచేయించారు.

ఆ క్లబ్బులో ఆడినవాళ్లంతా దొరలే. నాగులను, ఏనుగును చెక్కిన పనివాళ్ల పేర్లు ఎవరూ తలుచుకోరు. ఇది నాకు నచ్చదు.

అయితే సరిగ్గా ఆ 1877లోనే కలకత్తాలో ఇంకొకటి జరిగిందని చెబుతారు. నాగేంద్రప్రసాద్ సర్వాధికారి అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు తల్లితో గంగాస్నానానికి వెళ్తూ తెల్ల సిపాయిలు ఆడుతుంటే ఆగి చూశాడు. దొర్లి వచ్చిన బంతిని తన్ని వెనక్కి పంపాడు. తర్వాత హేర్ స్కూల్ స్నేహితులతో చందాలు వేసుకుని బంతి కొన్నాడు. తీరా చూస్తే అది రగ్బీ బంతి! ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ స్టాక్ గారు చూసి అసలు ఫుట్‌బాల్ ఏదో చెప్పారట. నాగేంద్రప్రసాద్ పెద్దయ్యాక వెల్లింగ్టన్ క్లబ్ నడిపాడు. అదీ ఎక్కువ కాలం ఉండలేదు. కుమ్మరి ఇంటి కుర్రాడు మణిదాస్‌ను చేర్చుకోవడానికి కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. ఆ కుర్రాణ్ణి పంపేయడానికి బదులు ఆయన క్లబ్బునే మూసేశాడు. ఆ తర్వాత పెట్టిన శోభాబజార్ క్లబ్‌లో మణిదాస్‌ను చేర్చుకున్నాడు. 1892లో ట్రేడ్స్ కప్పులో శోభాబజార్ జట్టు ఈస్ట్ సర్రే పటాలాన్ని ఓడించింది.

మా 340 రూపాయల సంగతి చెప్పలేదు కదూ. అప్పటికి నాకు ఈ కథ తెలియదు. మిగిలిన ఐదుగురు ఒక బంతి, ఒక పంపు కొన్నారు. పదకొండు మంది పేర్లూ బంతి మీద మార్కర్‌తో రాసి, కొత్తగా వచ్చే పిల్లలకు ఇమ్మని గేటు దగ్గర వాచ్‌మన్ అంకుల్‌కు అప్పగించారు. మరుసటి ఏడు నేనూ వచ్చేశాను. నిరుడు అక్కడి టీచర్‌తో ఫోన్లో మాట్లాడుతూ అడిగాను. పేర్లు మొదటి వానకే పోయాయట. బంతి కూడా చిరిగిపోయిందట. పంపు మాత్రం ఇంకా పనిచేస్తోందట.