రెండు రైళ్లు, రెండు తలుపులు

అక్కలారా! హైదరాబాదు నగరం లోపల రెండు రకాల రైళ్లు తిరుగుతాయి. ఒకటి ఎం.ఎం.టి.ఎస్. రైలు. రెండోది మెట్రో రైలు. రెండూ కరెంటుతోనే నడుస్తాయి. మరి వాటికి తేడా ఏమిటి? మా చదువు కేంద్రానికి వచ్చే ఒక పెద్దమ్మకు ఆ తేడా ఎలా తెలిసిందో ముందు చెబుతాను.

పెద్దమ్మది లింగంపల్లి దగ్గర బస్తీ. ఇళ్లలో పనికి బేగంపేట పోతుంది. ఎన్నో ఏళ్లుగా ఎం.ఎం.టి.ఎస్. రైలే ఆమెకు అలవాటు. ఒకసారి ఏడేళ్ల మనవరాలిని తీసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో చుట్టాలింటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు, మెట్రోలో అయితే మియాపూర్ దాకా మారే పని లేదని ఎవరో చెప్పారు. సరేనని స్టేషన్ ఎక్కింది.

రైలు వచ్చింది. తలుపు తెరుచుకుంది. పిల్ల గబుక్కున లోపలికి పోయింది. పెద్దమ్మ కింద పెట్టిన సంచి ఎత్తుకుంటోంది. అంతలో గంట మోగింది. తలుపు మూసుకుంది. పిల్ల లోపల, పెద్దమ్మ బయట. రైలు కదిలి వెళ్లిపోయింది.

"దర్వాజ దానంతట అదే మూసుకుంటదని నాకేం ఎరుక టీచరమ్మా? మా రైలు దర్వాజ ఎప్పుడూ తెరిచే ఉంటది గద" అని చెప్పుకొచ్చింది. భయపడకండి, పిల్ల క్షేమంగానే ఉంది. ఎలా దొరికిందో తర్వాత చెబుతాను. ముందు ఈ రెండు రైళ్ల సంగతి చూద్దాం.

ఎం.ఎం.టి.ఎస్. రైలు 2003 ఆగస్టు 9న మొదలయింది. రైల్వే వాళ్లూ రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి పెట్టిన రైలు ఇది. దీనికి కొత్తగా పట్టాలు వేయలేదు. అప్పటికే ఉన్న రైలు పట్టాల మీదనే లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమా వైపులకు నడిపారు. 2023 ఏప్రిల్‌లో మేడ్చల్ దాకా కూడా వేశారు. ఈ రైలు బోగీలు చెన్నైలోని రైలు పెట్టెల కార్ఖానాలో తయారైనవి.

ఆ పట్టాల మీద దూరాలు పోయే ఎక్స్‌ప్రెస్ బండ్లూ పోతాయి, గూడ్సు బండ్లూ పోతాయి. ఒకే బాట మీద ఎద్దుల బండి, లారీ, బస్సు అన్నీ పోతే ఎలా ఉంటుంది? ఒకదాని కోసం ఇంకొకటి ఆగాలి. ఎం.ఎం.టి.ఎస్. ఆలస్యం కావడానికి, ఒక బండి పోతే మళ్లీ ఇంకో బండి దాకా చాలాసేపు కూర్చోవలసి రావడానికి ఇది పెద్ద కారణం.

మెట్రో సంగతి వేరు. దానికి రోడ్డు మధ్యలో స్తంభాలు లేపి, వాటి మీద సొంత బాట వేశారు. ఆ బాట మీదికి వేరే బండి రాదు. 2017 నవంబరు 28న దీన్ని ప్రారంభించారు. మర్నాటి నుంచి జనం ఎక్కారు. 2020 ఫిబ్రవరి నాటికి మూడు దారులు పూర్తయ్యాయి. మొత్తం 69 కిలోమీటర్లు. ఈ రైళ్లు కొరియా దేశం నుంచి ఓడల మీద వచ్చాయి.

ఒక రైలును ఇంకొక రైలు పట్టాల మీద నడపలేరు. ఎందుకంటే ఎం.ఎం.టి.ఎస్. పట్టాల మధ్య ఎడం ఎక్కువ, మెట్రో పట్టాల మధ్య ఎడం తక్కువ. తేడా దాదాపు జానెడు.

మెట్రోకు మూడే బోగీలు. ఎం.ఎం.టి.ఎస్.కు పన్నెండు దాకా ఉంటాయి. పన్నెండు బోగీల రైలంటే పావు కిలోమీటరు పొడవు. "మరి మూడు బోగీలు జనానికి ఏం సరిపోతాయి?" అని మా కేంద్రంలో ఒక చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్న. పెద్ద బిందెతో గంటకొకసారి నీళ్లు తేవడం ఒక పద్ధతి. చిన్న చెంబుతో మాటిమాటికీ తేవడం ఇంకో పద్ధతి. మెట్రో రెండో పద్ధతి. కొన్ని నిమిషాలకొక రైలు వస్తుంది. అయినా పొద్దున, సాయంత్రం ఆఫీసుల వేళకు అందులో కాలు పెట్టే సందు ఉండదు. మూడు బోగీలు తక్కువేనని నాకూ అనిపిస్తుంది.

అంత దగ్గర దగ్గరగా నడిపితే గుద్దుకోవా? ముందు రైలు ఎక్కడుందో, ఎంత వేగంగా పోవచ్చో వెనక రైలుకు రేడియో ద్వారా ఎప్పటికప్పుడు తెలుస్తుంది. కంప్యూటరు వేగాన్ని అదుపు చేస్తుంది. ముందు గదిలో డ్రైవరు కూడా ఉంటారు. మొదటి నుంచీ ఆడపిల్లలు కూడా మెట్రో రైళ్లు నడుపుతున్నారు. ఈసారి వెళ్లినప్పుడు ముందు అద్దంలోకి చూడండి.

రెండు రైళ్లకూ కరెంటు పైన ఉన్న తీగ నుంచే వస్తుంది. మన ఇంట్లో కరెంటు 230 ఓల్టులు. ఆ తీగలో 25 వేల ఓల్టులు! తాకనక్కరలేదు, దగ్గరికి పోయినా ప్రాణం తీస్తుంది. పిల్లలు రైలు పైకి ఎక్కకుండా, పొడుగు కర్రలు పైకి ఎత్తకుండా చూసుకోవాలి.

మెట్రోలో ఒక వింత ఉంది. సైకిలు డైనమో చూశారా? డైనమో చక్రానికి తగిలిస్తే దీపం వెలుగుతుంది, తొక్కడం బరువవుతుంది. మెట్రో ఆగేటప్పుడు దాని మోటార్లు డైనమోల్లా పనిచేస్తాయి. రైలు బరువెక్కి నెమ్మదిస్తుంది. అప్పుడు పుట్టిన కరెంటు మళ్లీ తీగలోకి పోయి ఇంకో రైలుకు పనికొస్తుంది.

ఇక ఖర్చు. ఎం.ఎం.టి.ఎస్.లో దగ్గరి దూరానికి 5 రూపాయల టికెట్టే. మెట్రోలో 2025 మే నెలలో ధర పెంచారు. అప్పుడు తక్కువలో తక్కువ 11, ఎక్కువలో ఎక్కువ 69 రూపాయలు అయింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కదా, అది ఈ రెండు రైళ్లలోనూ చెల్లదు. పెద్దమ్మ లాంటి వాళ్లకు రోజూ పనికి ఎం.ఎం.టి.ఎస్. లేదా బస్సే గిట్టుబాటు. ఆసుపత్రికో పరీక్షకో వేళకు చేరాలంటే మెట్రో మేలు. పెద్ద గంపలతో మెట్రోలోకి రానివ్వరు. సంచిని యంత్రంలో పెట్టి చూస్తారు.

ఎం.ఎం.టి.ఎస్.లో ఆడవాళ్లకు వేరే బోగీలు ఉన్నాయి. మెట్రోలో ఒక బోగీలో కొంత భాగం ఆడవాళ్లకు ఇచ్చారు. మూడు బోగీలూ లోపల కలిసే ఉంటాయి కాబట్టి ఒక దాంట్లో నుంచి ఇంకో దాంట్లోకి నడిచి పోవచ్చు.

ఇప్పుడు తలుపు మాట. ఎం.ఎం.టి.ఎస్. తలుపు తెరిచే ఉంటుంది. కదిలే రైలు ఎక్కాలని ఆశ పుడుతుంది. ఆ ఆశే కాళ్లు విరగ్గొడుతుంది. గుమ్మంలో నిలబడితే చీర కొంగు గాలికి పోతుంది, నడుముకు దోపుకోండి. రైల్లో సాయం కావాలంటే 139 నంబరుకు ఫోను చేయవచ్చు.

మెట్రో తలుపు మూసుకుంటేనే రైలు కదులుతుంది. కనుక జారి పడే భయం లేదు. కానీ అది ఎవరి కోసమూ ఆగదు. గంట మోగాక చెయ్యి అడ్డం పెట్టకండి, పరుగెత్తకండి. లోపల తలుపు దగ్గర ఒక బటను ఉంటుంది. ఆపద వస్తే అది నొక్కి డ్రైవరుతో మాట్లాడవచ్చు.

పెద్దమ్మ ఆ రోజు ఏం చేసిందంటే, ముందు ఏడ్చింది. తర్వాత తల ఎత్తి స్టేషన్ల పేర్ల బోర్డు చూసింది. తెలుగులో రాసి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ తర్వాత ముసారాంబాగ్. కూడబలుక్కుని చదివింది. వెనక వచ్చిన రైలు ఎక్కి ముసారాంబాగ్‌లో దిగింది. బోగీలోని ఆడవాళ్లు పిల్లను అక్కడే దింపి, కాపలా అమ్మాయి పక్కన నిలబెట్టారు. ఆ పిల్ల నవ్వుతూ ఉందట, వీపు మీద ఒకటి పడేదాకా.

మర్నాడు మా కేంద్రంలో అందరం దీని గురించి మాట్లాడుకున్నాం. ఎక్కేముందే పిల్లలకు చెప్పాలి: "నేను ఎక్కలేకపోతే నువ్వు తర్వాతి స్టేషన్‌లో దిగి, దిగిన చోటే నిలబడు. నేను వస్తా." పిల్ల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టాలి. సంచి చేతిలోనే ఉండాలి. చిన్నపిల్లలైతే ఇంకో చేత్తో వాళ్ల చెయ్యి పట్టుకుని ఎక్కాలి. ఆ సాయంత్రం పెద్దమ్మ తన నంబరు తనే పది చీటీల మీద రాసుకుంది.