న్యాల్‌కల్ బొమ్మల ఊరైతే! ఒక్క ఫొటోలో సైన్సు పాఠం

న్యాల్‌కల్‌లో ఏదైనా మేడ మీద నుంచి రోడ్డును ఫొటో తీయండి. అందులోని ఆటోలు, ట్రాక్టర్లు దుకాణంలో అమ్మే ఆటబొమ్మల్లా కనిపించేలా మీ పిల్లలే మార్చగలరు. దీన్ని మినియేచర్ ఎఫెక్ట్ అంటారు. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మీ ఫోను, ఓ అరగంట తీరిక చాలు.

ఎందుకలా కనిపిస్తుంది?

వేలిని ముఖానికి దగ్గరగా పెట్టుకుని దాన్నే చూడమని మీ పాపకో, బాబుకో చెప్పండి. వెనక గోడ మసకబారుతుంది. కెమెరా కూడా అంతే. వస్తువు ఎంత దగ్గరైతే ఫొటోలో స్పష్టంగా వచ్చే లోతు అంత తక్కువ. దూరం రెట్టింపైతే ఆ లోతు సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే ముందూ వెనకా మసకగా ఉంటే, అది దగ్గర నుంచి తీసిన చిన్న వస్తువని మన మెదడు అనుకుంటుంది. మసకను బట్టి మనం దూరాన్ని, పరిమాణాన్ని అంచనా వేస్తామని బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో వివరించారు.

ఇలా చేయించండి

1. మంచి ఎండలో, పై నుంచి ఏటవాలుగా కిందికి చూస్తూ ఫొటో తీయాలి. పిట్టగోడ దగ్గర మీరు తప్పక తోడుండండి.
2. ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్ యాప్‌లో 'లెన్స్ బ్లర్' తెరవాలి. రోడ్డు వెంట సన్నని పట్టీని స్పష్టంగా ఉంచి, పైనా కిందా మసక చేయాలి.
3. రంగులు కాస్త పెంచాలి. బొమ్మల రంగులు గాఢంగా ఉంటాయి కదా!

తొలి ఫొటో బొమ్మలా అనిపించకపోతే, ఎందుకో పిల్లలనే వెతకనివ్వండి. తరచూ దొరికే దొంగ వేపచెట్టో, కరెంటు స్తంభమో! దాని మొదలు స్పష్టంగా, పైభాగం మసకగా ఉంటుంది. నిజమైన కెమెరా దూరాన్ని బట్టి మసక చేస్తుంది. యాప్ మాత్రం ఫొటోలో పైనుందా, కిందుందా అనే చూసింది. ఎత్తయినవి లేని చోటు ఎంచుకుంటే సరిపోతుంది.

అసలు లాభం

ఒక్క వస్తువునూ చెరపకుండా, కేవలం మసకతో ట్రాక్టర్‌ను బొమ్మగా మార్చిన పిల్లలు, రేపు వాట్సాప్‌లో వచ్చే ప్రతి ఫొటోనూ గుడ్డిగా నమ్మరు. 'ఇందులో ఏం మార్చారు?' అని అడుగుతారు. ఆ అలవాటుకు తోడు మరో మూడు నేర్పండి: అసలు ఫొటోను దాచుకోవడం, పంపేటప్పుడు మార్చినదని చెప్పడం, అనుమతి లేకుండా ఇతరుల ముఖాలను పంచుకోకపోవడం.

చివరగా, రెండు ఫొటోలూ నానమ్మకో, అమ్మమ్మకో చూపించి, తేడా వివరించమనండి. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే.