కోళ్ల గూడు కడుతున్నారా? ముందు అడ్డకర్ర, తర్వాత వెంటిలేటర్, ఆఖరికి కిటికీ

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఊళ్లలో పదో ఇరవయ్యో కోళ్లు పెంచుకునే ఇళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. కొందరు కోళ్ల గూడు అంటారు, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దడ్బా అంటారు. పేరు ఏదైనా కట్టే తీరు దాదాపు ఒకటే. ఇంటి పనిలో మిగిలిన ఇటుకలు, నాలుగు రేకులు, ఒక తలుపు. గాలి సంగతి చివర్లో గుర్తుకొస్తుంది. అప్పుడు ఖాళీ ఉన్న చోట ఒక కిటికీ పెట్టేస్తారు.

మే నెలలో కోళ్లు ఎగపోస్తూ పడిపోవడానికి, డిసెంబర్‌లో ముక్కులు కారి గురకలు పెట్టడానికి ఆ కిటికీ ఉన్న చోటు కూడా ఒక కారణం కావచ్చు. అందుకే పనిని తిరగేసి మొదలుపెట్టాలి. కోళ్లు రాత్రి ఎక్కడ కూర్చుంటాయో ముందు తేల్చుకోవాలి. దాన్ని బట్టి వెంటిలేటర్లు, ఆ తర్వాతే కిటికీలు.

కోడికి చెమట పట్టదు

కోడి శరీర వేడి మామూలుగానే 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి చెమట గ్రంథులు లేవు. వేడి ఎక్కువైతే నోరు తెరిచి ఎగపోయడం, రెక్కలు విప్పడం తప్ప వేరే దారి లేదు. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల గూడులో గాలి కదలకపోతే లోపల వేడి బయటికంటే ఎక్కువే. ముందు గుడ్లు తగ్గుతాయి, పెంకు పలచబడుతుంది, ఆ తర్వాత బరువైన కోళ్లు చనిపోతాయి.

చలికాలంలో సమస్య వేరు. కోళ్లు రాత్రంతా వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది. రెట్టలోంచి అమ్మోనియా వస్తుంది. చలి వేస్తుందని గూడు మొత్తం గోనె సంచులతో కప్పేస్తే ఆ తేమ, ఆ ఘాటు లోపలే ఉండిపోతాయి. కళ్లు మండుతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, జబ్బులు తేలిగ్గా పట్టుకుంటాయి. ఒళ్లు పొడిగా ఉన్న పెద్ద కోడి ఈకలు ఉబ్బించుకుని మన చలిని తట్టుకోగలదు. తడి, ఘాటు కలిసిన గాలిని మాత్రం తట్టుకోలేదు.

ముందు అడ్డకర్ర

కోళ్ల పూర్వీకులు అడవి కోళ్లు. అవి రాత్రి కొమ్మలెక్కి నిద్రపోతాయి. నాటుకోళ్లు ఇప్పటికీ పొద్దుగూకగానే వేపచెట్టో చింతచెట్టో ఎక్కడం చూస్తూనే ఉంటాం. గూడులో అడ్డకర్ర లేకపోతే అవి నేల మీద రెట్టలోనే పడుకుంటాయి, లేదా గుడ్ల పెట్టెలోకి దూరతాయి.

కర్ర 2 అంగుళాల వెడల్పు ఉండాలి, అంచులు నున్నగా చెక్కాలి. సన్నటి ఇనుప పైపు వద్దు. అది వేసవిలో కాలుతుంది, చలిలో గడ్డకట్టినట్టు ఉంటుంది. ఒక్కో కోడికి 8 నుంచి 10 అంగుళాల చోటు లెక్కేసుకోండి. గోడకు ఒక అడుగు దూరం, రెండు కర్రల మధ్య కూడా అడుగు దూరం వదలాలి. కర్రలన్నీ ఒకే ఎత్తులో ఉంటే పైమెట్టు కోసం కొట్లాట ఉండదు.

ఎత్తు కోడి జాతిని బట్టి. నాటుకోళ్లు 3, 4 అడుగులైనా తేలిగ్గా ఎగురుతాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజ లాంటి బరువైన కోళ్లకు 2 అడుగులు చాలు. ఎక్కువ ఎత్తు నుంచి దూకితే అరికాలికి దెబ్బ తగిలి వాపు వస్తుంది. గుడ్ల పెట్టెలు ఎప్పుడూ కర్రల కంటే కిందే, చీకటి మూలలో పెట్టాలి.

తలలకు పైన వెంటిలేటర్

రెండు అడుగుల కర్ర మీద కూర్చున్న పుంజు తల నేల నుంచి సుమారు మూడుంపావు అడుగుల ఎత్తులో ఉంటుంది. వెంటిలేటర్ దానికంటే కనీసం అడుగున్నర పైనే ఉండాలి. వేడి గాలి, తేమ పైకే లేస్తాయి కాబట్టి రేకు కింద సందు ఉంటే అక్కణ్ణుంచి బయటికి పోతాయి. చల్లగాలి నేరుగా కోడి మీద కొట్టదు.

ఈ సందులు ఏడాది పొడవునా తెరిచే ఉండాలి. చలికాలమైనా, వానాకాలమైనా వీటిని మూయకూడదు. ఒకే గోడకు పెడితే పని సగమే అవుతుంది. ఎదురెదురు గోడలకు, ఒకటి కాస్త ఎత్తులో ఉండేలా పెడితే గాలి దానంతట అదే కదులుతుంది.

కిటికీలు ఉత్తరం, దక్షిణం వైపు

గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు పొడవాటి గోడలు ఉత్తరం, దక్షిణం వైపు వస్తాయి, జాలీ కిటికీలు వాటికే పెట్టాలి. పడమటి గోడ పూర్తిగా మూసేయాలి. మధ్యాహ్నం తర్వాతి ఎండ అటువైపు నుంచే కొడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలితో వచ్చే జల్లు కూడా ఎక్కువగా ఆ దిక్కు నుంచే. పడమట ఒక చెట్టు నీడ ఉంటే ఇంకా మంచిది.

నేల నుంచి ఒక అడుగు గోడ కట్టి, ఆ పైన 4 అడుగుల దాకా జాలీ పెట్టండి. వేసవిలో కర్ర మీద కూర్చున్న కోడికి గాలి తగిలేది ఇక్కడే. రేకును గోడ దాటి 2 అడుగులు బయటికి వదిలితే జల్లు లోపలికి రాదు. ఎండాకాలంలో రేకుల మీద వరిగడ్డి పరచండి, లేదా సున్నం కొట్టండి.

జాలీ ఎంపిక కూడా ముఖ్యం. పెద్ద కన్నుల పలచటి కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుందే గానీ బావురుపిల్లిని, ముంగిసను బయట ఆపలేదు. అరంగుళం కన్ను ఉన్న గట్టి వెల్డెడ్ జాలీ తీసుకోండి. వెంటిలేటర్లకూ అదే బిగించాలి. పాములు, ఎలుకలు పైసందుల్లోంచి కూడా దిగగలవు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ దగ్గరే ఉండటంతో ఈ ప్రాంతానికి వలస పక్షులు వస్తాయి. బయటి పక్షులు గూడులోకి వచ్చి మేత ముట్టకుండా ఉంటే బర్డ్ ఫ్లూ ముప్పు కూడా తగ్గుతుంది.

పరదా కిందనుంచి పైకి

పెద్ద కోళ్ల ఫారాల్లో పక్క పరదాలు గమనించండి. కింద కట్టి పైకి లాగుతారు. అలా చేస్తే కోళ్లున్న చోట చలిగాలి ఆగుతుంది, పైన ఖాళీ మిగులుతుంది. ఇంటి గూడుకు కూడా గోనె పట్టా అలాగే కట్టాలి. డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఉత్తరం వైపు జాలీ మూసినా వెంటిలేటర్ తెరిచే ఉండాలి. పొద్దున్నే పరదా దించేయాలి. ఇదంతా పెద్ద కోళ్ల సంగతి. మొదటి వారాల పిల్లలకు వెచ్చని చోటు విడిగా కావాలి.

20 కోళ్లకు ఒక లెక్క

రాత్రి పడుకోవడానికి కోడికి 2 చదరపు అడుగుల చొప్పున 40 చదరపు అడుగులు, అంటే 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. ఉత్తరం గోడ 7 అడుగులు, దక్షిణం గోడ అయిదున్నర అడుగులు పెడితే రేకు వాలు సరిపోతుంది. ఆ రెండు గోడల మీద రేకు కింద 6 అంగుళాల సందు వదలండి. 8 అడుగుల కర్రలు రెండు, 2 అడుగుల ఎత్తులో, ఉత్తరం గోడ వైపు బిగించండి. ఒక్కో కోడికి తొమ్మిదిన్నర అంగుళాల చోటు వస్తుంది. దక్షిణం వైపు మీరు నిలబడి ఊడ్చుకోవడానికి చోటు మిగులుతుంది. కర్రల కింద పాత రేకు పరిస్తే రాత్రి రెట్టంతా దాని మీదే పడుతుంది. దాన్ని కుప్పపోసి బాగా మాగనిచ్చాక కూరగాయల మడికో పూలతోటకో వాడుకోవచ్చు.

కట్టాక ఇలా చూసుకోండి

తెల్లవారుజామున తలుపు తీయగానే కర్రల ఎత్తుకు వంగి ఒకసారి గాలి పీల్చండి. ముక్కు ఘాటెక్కినా, కళ్లు మండినా పైసందులు చాలడం లేదని అర్థం. రేకు అడుగున చెయ్యి పెట్టి చూడండి. నీటి చుక్కలుంటే తేమ బయటికి పోవడం లేదు. ఈ రెండింటికీ మందు లేదు, సందు పెంచాలి, తడిసిన ఊక మార్చాలి. కోళ్లు కర్ర వదిలి ఒకే మూలకు చేరుతుంటే మిగతా చోట గాలి నేరుగా కొడుతుందేమో చూడండి.

గాలి బాగున్నంత మాత్రాన కొక్కెర తెగులు రాదనుకోవద్దు. దానికి టీకా వేయించాల్సిందే. గూడులో ఒక్కసారిగా కోళ్లు చనిపోతుంటే వాటిని ముట్టుకోకుండా, అమ్మేయకుండా, వెంటనే దగ్గరలోని పశువైద్యశాలకు చెప్పండి.