పడవ ఇంజను నెమ్మదిగా నిలువనిచో

పడవ వెనుక తగిలించు రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను కొన్ని సమయములలో వేగముగా చక్కగా నడచి, గేరు వేయుటకై తగ్గింపగానే ఆగిపోవుచుండును. మొగలో కెరటముల నడుమ ఇట్లైనచో పడవ అలకు అడ్డము తిరుగును. సులువు గనుక కాబోలు, పలువురు వెంటనే ఐడిల్ మరను బిగింతురు. మేము వలదందుము; హెచ్చు వేగమున గేరు వేసినచో దాని పళ్ళు దెబ్బతినును. పెక్కు ఇంజనులలో థ్రాటిల్ పిడియే గాలిద్వారముతోపాటు నిప్పురవ్వ పడు సమయమును కూడ జరుపును. ఆ కడ్డీ వదులై రవ్వ ఆలస్యమైనచో ఇంజను నీరసించును. కావున మొదట ప్లగ్గులు, కార్బురేటరు శుభ్రపరచి, పిమ్మట టైమింగు లైటుతో ఫ్లైవీలు గుర్తులు చూడవలెను. మర వంతు చివరిది. పడవను గట్టుకు గట్టిగా కట్టి, నీటిలోనే ఈ పరీక్ష చేయవలెను. ఒడ్డున నీరు లేక నడపినచో పంపులోని రబ్బరు రెక్కలు మాడిపోవును.