విమానం కూలితే ముందుకు, బాంబు అంటే వెనక్కి: అగ్నిమాపక దళం పాటించే విధివిధానాలు ఇవీ

పుదుచ్చేరి: విమానం కూలిందన్నా, ఎక్కడో బాంబు ఉందన్నా అగ్నిమాపక కేంద్రంలో మోగేది ఒకటే గంట. బయలుదేరేవి అవే శకటాలు, వెళ్లేది అదే సిబ్బంది. అయితే ఘటనా స్థలానికి చేరుకున్న తర్వాత వారు పాటించవలసిన నియమాలు రెండు సందర్భాల్లోనూ పూర్తి భిన్నంగా ఉంటాయి. విమాన ప్రమాదంలో ప్రతి క్షణం విలువైనది కనుక వీలైనంత త్వరగా మంటల దగ్గరకు వెళ్లాలి. బాంబు విషయంలో, అది పేలనంత వరకూ, దూరంగా ఆగి సిద్ధంగా ఉండాలి. ఈ తేడాను గుర్తించడంలో జరిగే పొరపాటు ప్రయాణికుల ప్రాణాలకో, సిబ్బంది ప్రాణాలకో ముప్పు తెస్తుంది. చిన్న విమానాశ్రయం, ఇరుకైన వీధులు, పొరుగు రాష్ట్రంతో పెనవేసుకున్న సరిహద్దులు ఉన్న పుదుచ్చేరి పట్టణానికి ఈ విధివిధానాలు మరింత ముఖ్యం.

మూడు నిమిషాల గడువు

పుదుచ్చేరి విమానాశ్రయం లాస్‌పేటలో నివాస ప్రాంతాలకు, విద్యాసంస్థలకు చేరువలో ఉంది. రన్‌వే పొడవు సుమారు 1,500 మీటర్లు. పెద్ద జెట్ విమానాలకు ఇది చాలదు. 2024 డిసెంబరు 20న ఇండిగో సంస్థ బెంగళూరు, హైదరాబాద్ నగరాల నుంచి ఇక్కడికి 78 సీట్ల ఏటీఆర్ విమానాలతో సర్వీసులు ప్రారంభించింది.

విమానాశ్రయ ఆవరణలో ప్రమాదం జరిగితే మొదట స్పందించేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి చెందిన ప్రత్యేక అగ్నిమాపక విభాగం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం రన్‌వేపై ఏ మూలకైనా గరిష్ఠంగా 3 నిమిషాల్లో చేరుకుని నురుగు చల్లడం ప్రారంభించాలి. 2 నిమిషాల్లోపే చేరుకోవడం మేలని ఆ సంస్థ సిఫారసు చేస్తోంది. మంటల్లో చిక్కుకున్న విమానపు పలుచని అల్యూమినియం పైపొర సుమారు ఒక నిమిషంలోనే కరిగిపోవచ్చు. 44 కంటే ఎక్కువ సీట్లున్న విమానాల నుంచి, సగం ద్వారాలే పనిచేస్తున్నా, 90 సెకన్లలో అందరూ బయటపడగలరని తయారీదారులు నిరూపించాలి. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు నిమిషాల గడువు ఎంత తక్కువో అర్థమవుతుంది.

విమానం పొడవు, వెడల్పులను బట్టి అక్కడ ఉండవలసిన నీరు, నురుగుల పరిమాణం నిర్ణయమవుతుంది. సుమారు 27 మీటర్ల పొడవున్న ఏటీఆర్ 72 ఐదో శ్రేణిలోకి వస్తుంది. బి స్థాయి నురుగు వాడే చోట ఈ శ్రేణికి కనీసం 5,400 లీటర్ల నీరు, నిమిషానికి 3,000 లీటర్ల ప్రవాహం ఉండాలి. అంటే పూర్తి వేగంతో చల్లితే ఆ నీరు రెండు నిమిషాలైనా రాదు. ఆ వ్యవధిలో మంటలను అదుపు చేసి ప్రయాణికులకు దారి ఏర్పరచడమే దాని ఉద్దేశం. ఆ తర్వాత అవసరమయ్యే నీటిని, అదనపు సిబ్బందిని అందించవలసింది పట్టణ అగ్నిమాపక శాఖే.

ప్రహరీ అవతల పడితే

విమానాలు ఎప్పుడూ రన్‌వేపైనే ప్రమాదానికి గురికావు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా విమానం టేకాఫ్ అయిన కొద్ది క్షణాలకే వైద్య కళాశాల వసతిగృహ భవనాలపై కూలింది. విమానంలోని 242 మందిలో ఒక్కరే బతికారు. నేలపై ఉన్నవారితో కలిపి 260 మంది మరణించారు. హైదరాబాద్‌లో 2010 మార్చి 3న బేగంపేట వైమానిక ప్రదర్శన సందర్భంగా నౌకాదళ విన్యాస బృందానికి చెందిన కిరణ్ శిక్షణ విమానం బోయినపల్లిలోని ఒక భవనంపై కూలి, ఇద్దరు పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. ఇటువంటి చోట్ల విమాన ప్రమాదం, భవన ప్రమాదం కలిసి వస్తాయి. విమాన ఇంధనం మెట్ల మీదుగా, మురుగు కాలువల్లోకి పారుతుంది. వంటగ్యాస్ సిలిండర్లు, విద్యుత్ తీగలు ముప్పును పెంచుతాయి.

విమానాశ్రయం చుట్టూ కొన్ని కిలోమీటర్ల మేర ప్రాంతాన్ని గళ్లుగా విభజించిన పటం ఇందుకే సిద్ధంగా ఉంచుతారు. నియంత్రణ కేంద్రం గడి సంఖ్య చెబితే చాలు, అన్ని శాఖలూ ఒకే చోటుకు చేరుకోగలవు. పుదుచ్చేరిలో ఈ పటం రాష్ట్ర సరిహద్దును కూడా దాటవలసి ఉంటుంది. రన్‌వేను పొడిగించాలంటే తమిళనాడులోని విళుప్పురం జిల్లా భూములు కావలసి రావడమే సరిహద్దు ఎంత దగ్గరో చెబుతుంది. విమానం ఏ వైపు పడినా దగ్గరలోని శకటమే ముందుగా వెళ్లాలన్న పరస్పర సహాయ ఒప్పందం, ఉమ్మడి విన్యాసం ఇక్కడ తప్పనిసరి అవసరాలు.

నీరు చాలదు, నురుగు కావాలి

విమాన ఇంధనం నీటి కన్నా తేలిక. మండుతున్న ఇంధనంపై నీరు కుమ్మరిస్తే నీరు అడుగుకు చేరి, ఇంధనం పైకి తేలి మంటలను మరింత దూరం మోసుకుపోతుంది. నురుగు ఇంధనం మీద దుప్పటిలా పరుచుకుని గాలి తగలకుండా ఆపుతుంది. సిబ్బంది గాలి వస్తున్న వైపు నుంచి, ఎత్తైన నేల మీదుగా దగ్గరకు వెళ్లాలి. పగలు సముద్రం నుంచి, రాత్రి నేల నుంచి గాలి వీచే తీర పట్టణంలో ఒకే దారి అన్ని వేళలా సురక్షితం కాదు.

మొదటి లక్ష్యం విమాన శరీరం, ప్రయాణికులు దిగే ద్వారాలు. ఏటీఆర్‌లో ప్రయాణికుల ప్రధాన ద్వారం తోక దగ్గర ఉంటుంది. తిరుగుతున్న ప్రొపెల్లర్‌కు దూరంగా ఉండాలి. వేడెక్కిన చక్రాల దగ్గరకు ముందు నుంచి గాని, వెనుక నుంచి గాని వెళ్లాలి. అవి పగిలితే ముక్కలు పక్కలకు ఎగురుతాయి. కార్బన్ ఫైబర్ భాగాలు కాలినప్పుడు వెలువడే సూక్ష్మ నూగు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అందువల్ల శ్వాస పరికరాలు లేకుండా దగ్గరకు వెళ్లరాదు. యుద్ధ విమానమైతే పైలట్‌ను పైకి విసిరే సీటును తాకరాదు. అందులోని పేలుడు గుళికలు అప్పటికీ సజీవంగా ఉండవచ్చు.

మంటలు ఆరిన తర్వాత ప్రాణరక్షణకు అవసరమైతే తప్ప శకలాలను కదపకూడదు. ఏ ముక్క ఎక్కడ పడిందన్నదే దర్యాప్తునకు ఆధారం.

బాంబు అయితే దూరమే రక్షణ

2014 జనవరి 29న పుదుచ్చేరిలో అప్పటి కేంద్ర మంత్రి వి.నారాయణస్వామి ఇంటి వద్ద నిలిపిన కారు కింద పైప్ బాంబు కనిపించింది. అది పేలకముందే బయటపడింది. 2025లో జిప్మర్ ఆసుపత్రి, రాజ్‌నివాస్ తదితర చోట్లకు ఈ-మెయిల్ ద్వారా బెదిరింపులు వచ్చాయి. సోదాల్లో ఏమీ దొరకలేదు. బెదిరింపు నిజమో కాదో తేల్చవలసింది పోలీసులు, బాంబు నిర్వీర్య దళం. అగ్నిమాపక సిబ్బంది అనుమానాస్పద వస్తువును తాకరు, వెతకరు, దానిపై నీరు చల్లరు. శకటాలను గోడల చాటున, తిరిగి వెళ్లే దిశగా నిలిపి, ఆదేశం కోసం వేచి ఉంటారు. వస్తువుకు దగ్గరలో వైర్‌లెస్ సెట్లు, మొబైల్ ఫోన్లు వాడరు.

ఎంత దూరం అన్నది బాంబు పరిమాణాన్ని బట్టి ఉంటుంది. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పట్టిక ప్రకారం 2.3 కిలోల పైప్ బాంబుకు కనీసం 21 మీటర్ల వరకు అందరినీ తప్పనిసరిగా ఖాళీ చేయించాలి. ఆరుబయట ఉన్నవారు 366 మీటర్ల అవతలికి వెళ్లడం ఉత్తమం. కారులో 227 కిలోల పేలుడు పదార్థం ఉంటే ఈ దూరాలు 98, 580 మీటర్లు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే పాత పట్టణంలో 366 మీటర్లు అంటే అనేక వీధులు. కాబట్టి కొందరిని పంపివేయడం, మిగిలినవారిని కిటికీలకు దూరంగా లోపలి గదుల్లో ఉంచడం అనే రెండు పద్ధతులనూ కలిపి వాడవలసి వస్తుంది. ఆసుపత్రుల్లో వెంటిలేటర్లపై ఉన్న రోగులను ఒక్కసారిగా తరలించడం సాధ్యం కాదు. ముందు అదే అంతస్తులోని సురక్షిత విభాగానికి చేర్చడమే మార్గం.

బాంబు పేలిన తర్వాత అగ్నిమాపక దళం ముందుకు వెళ్లి మంటలార్పి, క్షతగాత్రులను బయటకు తీస్తుంది. అయితే రెండో బాంబు ఉండవచ్చన్న అనుమానాన్ని విడిచిపెట్టదు. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో కొద్ది దూరంలో, నిమిషాల వ్యవధిలో రెండు పేలుళ్లు జరిగాయి. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు జరిగిన రాత్రే దిల్‌సుఖ్‌నగర్‌లో పేలని బాంబు ఒకటి దొరికింది. అందుకే అవసరమైనంత మందే లోపలికి వెళ్లి, పని ముగియగానే వెనక్కి రావాలన్నది నియమం.

రెండూ కలిసినప్పుడు

గాలిలో ఉన్న విమానానికి బాంబు బెదిరింపు వస్తే, బెదిరింపు అంచనా కమిటీ అది నిర్దిష్టమైనదో కాదో తేలుస్తుంది. 2024 అక్టోబరులో దేశంలో వందల విమానాలకు ఇటువంటి బూటకపు బెదిరింపులు వచ్చాయి. నిర్దిష్టమైనదని తేలితే దిగిన విమానాన్ని ఇతర విమానాలకు, భవనాలకు కనీసం 100 మీటర్ల దూరంలోని ప్రత్యేక స్థలానికి తరలిస్తారు. ప్రయాణికులు దిగేంత వరకు అగ్నిమాపక దళం మంటలార్పడానికి సిద్ధంగా ఉంటుంది. వారు దిగిన మరుక్షణం వెనక్కి తగ్గి, స్థలాన్ని బాంబు దళానికి అప్పగిస్తుంది. ముందుకు, వెనక్కి అనే రెండు ఆదేశాలూ ఇక్కడ నిమిషాల తేడాతో అమలవుతాయి. అందువల్ల ఆదేశమిచ్చే అధికారి ఒక్కరే ఉండాలి, ఆ అధికారి ఎవరో అన్ని శాఖలకూ ముందే తెలిసి ఉండాలి. రెండేళ్లకు మించకుండా ఒకసారి పూర్తిస్థాయి విన్యాసం నిర్వహించాలన్న విమానాశ్రయ నిబంధన ఉద్దేశం ఇదే.

ప్రజలు చేయవలసినది

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో 190 మందితో వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలో పడి విరిగినప్పుడు స్థానికులు జోరువానలో క్షతగాత్రులను సొంత వాహనాల్లో ఆసుపత్రులకు చేర్చారు. 21 మంది మరణించిన ఆ ప్రమాదంలో విమానానికి నిప్పు అంటుకోలేదు. అన్నిసార్లూ అలా జరగదు. ఇంధనం కారుతున్న చోట బీడీ, సిగరెట్, వాహనం ఇంజిన్ ఏదైనా మంటకు కారణం కావచ్చు. సహాయం చేసేవారు గాలి వస్తున్న వైపే ఉండాలి, రోడ్డును శకటాలకు విడిచిపెట్టాలి, శకలాలను ఏరరాదు. అనుమానాస్పద వస్తువు కనిపిస్తే తాకకుండా, ఫోటో కోసం ఆగకుండా దూరంగా వెళ్లిన తర్వాతే 112కు గాని, అగ్నిమాపక శాఖ నంబరు 101కు గాని ఫోన్ చేయాలి. స్థలం, గుర్తు, కనిపించిన సమయం చెబితే చాలు.

పుదుచ్చేరి పాలనలోనే ఉన్న తెలుగు ప్రాంతం యానాం రాజధానికి ఎనిమిది వందలకు పైగా కిలోమీటర్ల దూరంలో, ఆంధ్రప్రదేశ్ నడుమ ఉంది. అక్కడ పెద్ద ప్రమాదం జరిగితే అదనపు సహాయం త్వరగా రాగలిగేది పొరుగు జిల్లాల నుంచే. లాస్‌పేటలో తమిళనాడుతో కుదరవలసిన అవగాహన, యానాంలో ఆంధ్రప్రదేశ్‌తో కుదరాలి. గంట మోగిన తర్వాత సరిహద్దు ఎవరిదని చర్చించే వ్యవధి ఉండదు.